పాతది చెయ్యి జారుస్తుంది

జనవరి 1, బుధవారం

కొత్త డైరీ. కాగితం సప్లయి చేసేవాళ్లు ఏటా ఇస్తారు. పేజీలో పై సగం కోర్టు ముందున్న నా జిరాక్స్ షాపు లెక్క, కింది సగం నా మాటలు. ఈ పద్ధతి మార్చలేదు.

ఏడాది మొదటి రోజు ఎర్ర బొమ్మ కారును ఒకసారి విప్పి రోబో మనిషిని చేసి, మళ్లీ కారును చేయడం నా ఆనవాయితీ. చేశాను. భుజం దగ్గర కాస్త ఆగింది. చలికి ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. దాని చీటీ తీసి, కీళ్ల పక్కన ఉన్న 'చాలా బాగు' కొట్టేసి 'బాగు' అని రాశాను. సొంత బొమ్మ అని దాక్షిణ్యం చూపితే పరీక్షకు విలువ ఉండదు.

బీరువా పక్క గోడ నిండా బొమ్మలే. కార్లు, ట్రక్కులు, జీపులు, ఒక రోడ్డు రోలరు. ప్రతి బండీ విప్పితే రోబో అవుతుంది. ప్రతిదానికీ చీటీ ఉంది. బండిగా ఎలా ఉంది, మనిషిగా ఎలా ఉంది, కీళ్లెలా ఉన్నాయి, మార్పు ఎంత సాఫీగా ఉంది. ఇంత క్రమంగా పెట్టుకున్నవాడు ఈ నగరంలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటే చూడాలని ఉంది.

జనవరి 3, శుక్రవారం

నీలం ట్రక్కుకు, పచ్చ జీపుకు కూడా కీళ్ల మార్కు తగ్గించాను. ఈ ఏడు చలి ఎక్కువ.

మా ఆవిడ సునందతో అదే అన్నాను. చీరకు ఫాల్ కుడుతున్నది తల ఎత్తలేదు. "ఏం చలయ్యా? ఫ్యాన్ ఏసుకొని పండుకుంటున్నవ్ గదా."

దోమలకని వేస్తున్నాను.

జనవరి 5, ఆదివారం

పొద్దున ఆబిడ్స్. ఆదివారం షాపుల షట్టర్లు దించి ఉంటే వాటి ముందు పాత పుస్తకాలు పరుచుకుంటాయి. అందరూ పుస్తకాల మీదికి వంగుతారు. నేను పుస్తకాల వెనక ఉన్న గోనెసంచుల మీదికి వంగుతాను. ఒక పోలీసు జీపు దొరికింది. తలుపు ఒకటి వేరే బొమ్మది తెచ్చి అతికించారు. తెలుపులో తేడా చూడగానే తెలిసిపోయింది. వదిలేశాను.

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్. ఐస్‌క్రీం షాపు ముందు అరుగు మీద బొమ్మలు కూడబెట్టే మావాళ్లు కూర్చుంటారు. కొత్తగా ఎవరు ఏ బొమ్మ కొన్నా అక్కడికి తెస్తారు. నేను పరీక్ష చేసి చెప్పాలి. రెండు చేతుల్లోనే పట్టుకుని మార్చాలి. కింద పెట్టకూడదు. ఎలా మార్చాలో చెప్పే కాగితం చూడకూడదు. పరీక్షప్పుడు ఇంకొకరు ముట్టకూడదు.

ఈ పద్ధతి నేను తెచ్చిందే. మీసం సరిగా రాని రోజుల్లో నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఒక బొమ్మల స్టాల్‌లో నిలబడేవాణ్ని. బల్ల వేయడానికి చోటు లేదు. పెట్టెలోని కాగితం జపాను భాషలో ఉండేది. జనం చూస్తుండగా గాల్లోనే బండిని మనిషిని చేయాలి. ఎవరూ నేర్పలేదు, వేళ్లకే తెలిసింది. తర్వాత జిరాక్స్ మిషన్ విప్పి బిగించడమూ అట్లాగే వచ్చింది.

ఈ రోజు వసుమతి ఒక వెండిరంగు కారు తెచ్చింది. స్కూల్లో లెక్కలు చెబుతుంది, మా గ్రూపు నడిపేది కూడా ఆమే. మార్చి చూశాను. భుజం బిగువు. అసలు పాత బొమ్మల్లో భుజం లోపలి స్ప్రింగు అరిగిపోయి ఉంటుంది, పక్కకు వంచితే చెయ్యి దానంతట అదే కిందికి జారుతుంది. కొత్తగా పోసిన కాపీల్లో జారదు. పాతది చెయ్యి జారుస్తుంది, కొత్తది చెయ్యి బిగిస్తుంది. నేనన్న ఈ మాట మావాళ్లందరికీ నోటికి వచ్చు.

"కాపీ," అన్నాను.

"కాపీ అనే కొన్న అన్నా," అంది వసుమతి. "నువ్వు పసిగడ్తవా లేదా సూద్దామని తెచ్చిన."

అందరూ నవ్వారు. నాకు గర్వంగానే ఉంది. ఇక్కడ రాసుకుంటే తప్పులేదు.

ఇరవై ఆరున నాంపల్లి స్టేషన్ దగ్గర చిన్న హాలు తీసుకుని అందరి బొమ్మలూ పెడుతున్నాం. మధ్య బల్ల మీద ఒక్కటే ఉంటుంది, అన్నిటిలో పాతది, అసలుది. అదేదో నేను చెప్పాలి. జగన్మోహనరావుగారు వచ్చే వారం తన బొమ్మ తెస్తానన్నారు. ఆయన కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం వచ్చి అందరివీ చూసి వెళ్లడమే తప్ప తనది ఏనాడూ తేలేదు.

జనవరి 7, మంగళవారం

షాపులో స్టాప్లర్ గట్టిపడింది. వకాలత్ కాగితాలు కుట్టలేకపోయాను. వకీలే నా చేతిలోంచి తీసుకుని నొక్కుకుని పోయాడు. కొత్తది తెచ్చాను.

జనవరి 8, బుధవారం

కొత్త స్టాప్లర్ కూడా గట్టిగానే ఉంది. ఈ రోజుల్లో ఏ వస్తువూ సరిగా చేయడం లేదు.

జనవరి 10, శుక్రవారం

పొద్దున లేచేసరికి కుడి బొటనవేలు వంగి ఉంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంది. దానిమీద పడుకుని ఉంటాను.

జనవరి 12, ఆదివారం

రావుగారు తెచ్చారు. మెత్తటి తువ్వాలులో చుట్టి, ఆ తువ్వాలును టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చారు. తెల్ల అంబులెన్సు. పైన ఎర్ర లైటు విరగలేదు. రబ్బరు టైర్లు. నేను అలాంటిది పుస్తకాల్లో కూడా తక్కువ చూశాను.

"ఎగ్జిబిషన్‌లోనే కొన్నానండీ," అన్నారు. "అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి చాలా ఏళ్లయింది. అంత వయసువాడు బొమ్మ కొంటే ఏమనుకుంటారో అని, మేనల్లుడికి కావాలని చెప్పాను."

"ఇప్పుడు మీ మేనల్లుడు ఏం చేస్తుండు అంకుల్?" అని వసుమతి అడిగింది.

"నాకు మేనల్లుడు లేడమ్మా. నాకు అక్కచెల్లెళ్లే లేరు."

అరుగు మీద అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఇన్నేళ్లూ ఫైళ్ల కింద దాచారట. ఇంట్లో చూపించింది కూడా మొన్ననే. మధ్య బల్ల సంగతి భార్యకు చెప్పి వచ్చారట. ఆ మాట చెబుతుంటే ఆయన ముఖం చూడాలి.

చేతిలోకి తీసుకున్నాను. వెనక తలుపులు తెరిచాను, కాళ్లు దించాను, బానెట్ మడిచాను. అంతవరకు బాగుంది. భుజం రాలేదు. మళ్లీ తిప్పాను. నెమ్మదిగా, గట్టిగా వచ్చింది. భుజాన్ని బొటనవేలితో పట్టుకుని పక్కకు వంచాను. చెయ్యి జారలేదు. అలాగే నిలబడింది.

అందరూ నా ముఖమే చూస్తున్నారు.

"కొత్త అచ్చు," అన్నాను.

రావుగారు బొమ్మ మీదికి వంగి చూశారు. "ఇంట్లో జారేదండీ," అన్నారు. "పొద్దున కూడా జారింది."

"ఇంకోసారి సూడరాదు అన్నా," అంది వసుమతి.

"ఒకసారి చాలు," అన్నాను. "చేతికి తెలుస్తుంది."

ఆయన బొమ్మను మళ్లీ బండిని కూడా చేయలేదు. మనిషిగానే తువ్వాలులో చుట్టి, డబ్బాలో పెట్టి మూత వేశారు. మూత సరిగా పడలేదు. అలాగే పట్టుకుని వెళ్లిపోయారు. ఐస్‌క్రీం తినలేదు.

జనవరి 13, సోమవారం

తెలిసినవాళ్లని చూసి ఒకలా, తెలియనివాళ్లని చూసి ఒకలా చెబితే పరీక్ష ఎందుకు. నా మాటకు విలువ వచ్చింది అందుకే.

టైర్లు మాత్రం రబ్బరువే. కాపీల్లో రబ్బరు వేయరు. ఈ మధ్య వేస్తున్నారేమో.

జగన్మోహనరావు గారు గ్రూపులోంచి వెళ్లిపోయారని ఫోన్‌లో వచ్చింది.

జనవరి 14, మంగళవారం

కోర్టు సెలవు. లెక్క లేదు. మేడల మీద పతంగులు.

జనవరి 16, గురువారం

సునంద బీరువా పక్క గోడ తుడుస్తూ వాళ్ల అక్కతో ఫోన్‌లో మాట్లాడుతున్నది. ఫోను చెవికీ భుజానికీ మధ్య. చేతిలో ఎర్ర కారు. దుమ్ము తుడుస్తూ, మాట్లాడుతూ, చూడకుండానే దాని తలుపు తెరిచింది, భుజం తిప్పింది. మొదటి తారీఖున నాకు ఆగిన భుజం. ఆమె కొంచెం వంచగానే చెయ్యి జారి ఊగింది.

"అక్కా, మళ్ల చేస్త," అని ఫోను పెట్టేసింది. "గిది ఊడిపోతదా ఏంది? చెయ్యి ఊగుతున్నది సూడు."

నేను తీసుకున్నాను. వంచాను. జారలేదు. ఆమెకిచ్చాను. జారింది. నేను తీసుకున్నాను.

అప్పుడు సునంద బొమ్మను చూడలేదు. నా చేతిని చూసింది.

"వేలు సూపియ్."

"ఏం లేదు. చలి."

"నెల సంది చాయ్ గ్లాసు ఎడమచేత్తోటి పట్టుకుంటున్నవ్. నేను సూస్తలేననుకున్నవా?"

బొటనవేలు వంగి దాని భుజం మీదే ఇరుక్కుని ఉంది. బొమ్మ చెయ్యి జారకుండా పట్టుకున్నది నేనే.

జనవరి 17, శుక్రవారం

అంబులెన్సు అసలుదే.

జనవరి 18, శనివారం

సునంద తోలుకొనిపోతే దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ వేలు నొక్కి, వంచి, తెరిచి చూసింది. ఆమె పట్టుకున్న తీరు బాగుంది, తొందర లేదు. షుగర్ ఉన్నదా అని అడిగింది. ఉంది. కాగితం మీద గీసి చూపింది. వేలు లోపల తాడులాంటిది ఉంటుందట, అది ఒక సన్నటి గొట్టంలోంచి పోతుంది. నాది వాచి గొట్టం దగ్గర పట్టేస్తున్నది.

"అంటే కీలు బాగానే ఉంది, లోపలి తాడు వాచింది," అన్నాను.

"ఆ, అదే," అంది. "మీరేం పని చేస్తారు?"

"జిరాక్స్ షాపు," అన్నాను.

"బొమ్మలు," అంది సునంద.

సూది మందు వేసింది. నాలుగు వారాలు ఆ వేలితో ఏమీ నొక్కవద్దన్నది. తగ్గకపోతే చిన్న ఆపరేషన్. షాపుకు వచ్చి పాత స్టాప్లర్ తీసి ఎడమచేత్తో నొక్కాను. వెన్నలా దిగింది.

జనవరి 19, ఆదివారం

ఆబిడ్స్ వెళ్లలేదు. షాపులో పని ఉందని గ్రూపులో పెట్టాను. ఆదివారం కోర్టు ఉండదని అందరికీ తెలుసు.

జనవరి 21, మంగళవారం

రావుగారింటికి వెళ్లాను. చిరాగ్ అలీ గల్లీలో మెట్లెక్కి మూడో అంతస్తు. తలుపు ఆయన భార్య వెంకటరత్నమ్మగారు తీశారు. పేరు చెప్పగానే లోపలికి తిరిగి, "ఏవండీ, మేనల్లుడి తాలూకు వాళ్లొచ్చారు," అన్నారు.

రావుగారు వచ్చి కూర్చున్నారు. కాఫీ వచ్చింది. ఎడమచేత్తో తీసుకున్నాను, మర్యాద కాదని తెలిసి.

"వేలు పనిచేయడం లేదండీ," అన్నాను. "ఆ రోజు కూడా చేయలేదు. భుజం మీద ఇరుక్కుంది. బొమ్మ తప్పు కాదు."

ఆయన కప్పు కింద పెట్టారు. "అంటే ఇప్పుడు అసలుదంటారా?"

"అసలుదే అనుకుంటున్నాను."

"అనుకోవడం వద్దండీ అంజన్‌గారూ. మీరు అనుకుని చెప్పేవారు కాదు, చూసి చెప్పేవారు. నేను మీ దగ్గరికి తెచ్చింది అందుకే." ఆయన గొంతు పెరగలేదు. "నలుగురిలో కాపీ అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో కూర్చుని అసలుదంటే, ముసలాడు బాధపడ్డాడని జాలిపడి అన్నట్టుంటుంది. నాకు జాలి మార్కులు వద్దు."

"మరి ఏం చేయమంటారు?"

"నలుగురిలోనే పరీక్ష చేయండి. మీ పద్ధతిలోనే. చేతుల్లో. తేలితే బల్ల మీద పెడదాం. లేకపోతే నా ఫైళ్ల కింద ఉండనే ఉంది చోటు."

వెంకటరత్నమ్మగారు కప్పులు తీస్తూ, "ఆదివారం ఎన్నింటికండీ? నేనూ వస్తాను," అన్నారు.

ఆయన చెప్పింది న్యాయమే. నేనైనా అదే అనేవాణ్ని.

జనవరి 23, గురువారం

వేలు పొద్దున వంగే ఉంది. సూది మందుకు వ్యవధి కావాలి. ఆదివారం దాకా వ్యవధి లేదు.

సునందను అడిగాను. నేను చెబుతుంటే నువ్వు మార్చు అని.

"నాకు పెండ్లి చీరలు పదున్నయ్ పీకో కొట్టేటియి. నీ బొమ్మల కాడ నేనేం జేస్త?"

మళ్లీ అడగలేదు.

జనవరి 26, ఆదివారం

ఈ రోజు పూర్తిగా రాసుకోవాలి.

హాలు చిన్నదే అయినా మావాళ్లు బాగా సర్దారు. గోడల వెంట బల్లలు, తెల్ల గుడ్డలు, వరసగా బండ్లు. ప్రతి బొమ్మ ముందూ నా చీటీ. స్టేషన్‌కు పోయేవాళ్లు కూడా సంచులతో లోపలికి వచ్చి చూస్తున్నారు. ఒకాయన చీటీలన్నీ వరసగా చదివి, "ఇదంతా ఒక్కడు రాసిండా?" అని అడిగితే వసుమతి నన్ను చూపింది. మధ్య బల్ల ఖాళీగా ఉంది.

రావుగారు డబ్బా పట్టుకుని వచ్చారు, వెనక వెంకటరత్నమ్మగారు. మా సునంద కూడా వచ్చింది. పెళ్లి చీరలున్నాయన్నది, ఎందుకొచ్చావని నేను అడగలేదు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది.

ఏం చెప్పాలో మూడు రోజులు అనుకుని పెట్టుకున్నాను. లేచి నిలబడ్డాక అందులో ఒక్క వాక్యమే మిగిలింది.

"ఆ రోజు బిగుసుకున్న కీలు బొమ్మది కాదు, నాది."

చెయ్యి ఎత్తి చూపించాను. వేలు వంగి ఉంది. రావుగారు డబ్బా తెరిచి, తువ్వాలు విప్పి, అంబులెన్సు నా చేతిలో పెట్టారు. బండిగా మార్చి తెచ్చారు.

తలుపులు తెరిచాను. కాళ్లు దించేటప్పుడే బొటనవేలు పట్టేసింది. బొమ్మ జారబోయింది. ఎడమచేత్తో ఆపుకున్నాను. ఇంకొంచెం అయితే ఎర్ర లైటు విరిగేది.

సునంద కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఇటియ్," అంది.

"పరీక్షప్పుడు ఇంకొకరు ముట్టకూడదు," అన్నాను. నా నోటికి అలవాటు.

"ఎవరు పెట్టిన్రు గా రూలు?"

"నేనే."

"మరి నువ్వే తీసెయ్."

వసుమతి నవ్వింది. నేను రావుగారి వైపు చూశాను. ఆయన తలూపారు. "చేతులు ఈమెవి, మాట నాది," అని అందరికీ వినపడేలా చెప్పి ఇచ్చాను.

బల్ల మీద పెట్టబోయింది. వద్దన్నాను. గాల్లోనే పట్టుకుంది.

"కాళ్లు కిందికి. లాగకు, అదే దిగుతుంది. ఆ. ఇప్పుడు బానెట్ రెండుగా మడవాలి, లోపలి అంచు ముందు."

"కుచ్చిళ్ల లెక్కనా?"

"కుచ్చిళ్ల లెక్కనే."

మడిచింది. నేను ఏళ్ల తరబడి మడిచినదానికంటే శుభ్రంగా మడిచింది. ఒక్క అంచు ఇంకొక అంచుకు తగలలేదు. ఇది నేను ఆమెకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"ఇప్పుడు తల పైకి. భుజం బయటికి తిప్పు. జాగ్రత్త, అక్కడ కొంచెం..."

"నువ్వు జర ఊకో. అదే పోతున్నది."

తిప్పింది. నేను ఆ రోజు అంత బలం పెట్టిన భుజం ఏ చప్పుడూ లేకుండా వచ్చింది. అంబులెన్సు మనిషై ఆమె చేతుల్లో నిలబడింది.

"ఇప్పుడు పక్కకు వంచు. చేతిని ముట్టకు."

వంచింది. తెల్ల చెయ్యి మెల్లగా, దానంతట అదే, తొడ దాకా జారింది. రెండో వైపు వంచింది. రెండో చెయ్యి జారింది.

"అసలుది," అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. రావుగారు కొట్టలేదు. ఆయన తువ్వాలును నాలుగు మడతలు పెడుతున్నారు, మళ్లీ విప్పుతున్నారు, మళ్లీ మడుస్తున్నారు. వెంకటరత్నమ్మగారు అది ఆయన చేతిలోంచి తీసుకుని, "వెళ్లి పెట్టి రండి," అన్నారు. ఆయనే తీసుకెళ్లి మధ్య బల్ల మీద నిలబెట్టారు. చీటీ అక్కడే రాశాను, ఎడమచేత్తో. అక్షరాలు వంకర పోయాయి. కీళ్లు: చాలా బాగు. కింద పరీక్షించినవారు అన్నచోట సునంద పేరు రాశాను.

రావుగారు చదివి, కళ్లద్దాలు తీసి, "మా మేనల్లుడు చాలా సంతోషిస్తాడండీ," అన్నారు.

జనవరి 27, సోమవారం

జగన్మోహనరావు గారు గ్రూపులో చేరారు.

సాయంత్రం ఇంట్లో గోడ మీద బొమ్మలన్నీ దించాం. ఈ చలికాలంలో నేను తగ్గించిన కీళ్ల మార్కులన్నీ మళ్లీ చూడాలి. సునంద మారుస్తున్నది, నేను చీటీలు దిద్దుతున్నాను. నీలం ట్రక్కు బాగుంది. పచ్చ జీపు బాగుంది. ఎర్ర కారు చాలా బాగు. రోడ్డు రోలరు దగ్గర ఆమె ఆగి, "గిది మాత్రం నిజంగనే దరిద్రంగున్నది," అంది. చూశాను. నిజమే. ఇన్నాళ్లూ నేను దానికి ఎక్కువ వేశాను. తగ్గించాం.

అన్నీ సర్దాక నా చేతిని తీసుకుని, బొటనవేలిని డాక్టరమ్మ చూసినట్టే వంచి, తెరిచి చూసింది. పట్టేసింది, టక్కుమని వచ్చింది.

"పాతదైతే జారుతది, కొత్తదైతే బిగుసుకుంటది అంటవ్ గదా," అంది.

"ఔ."

"మరి గీ వేలు బిగుసుకున్నది. నాకు అంటగట్టింది కాపీనా ఏంది?"

ఆలోచించి చెప్పాను. "నువ్వు పరీక్ష చేసినవ్ గదా. నువ్వే చెప్పు."

ఆమె నా చేతిని పక్కకు వంచి వదిలేసింది. చెయ్యి ఆమె ఒడిలోకి జారింది.

"అసలుదే," అని కుట్టు మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.